చప్పట్లు కొట్టని మేనమామ

టైల్స్ గోదాములో ప్రతి టైలునీ వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి పగులు కనిపెట్టే మనిషి ఆయన. ఇంట్లోనూ ఆ అలవాటు వదల్లేదు. తట్టి చూడనిదే కుర్చీలో కూర్చోడు, పాలవాడు నవ్వితే నీళ్ళు కలిపాడంటాడు. చెల్లెలికి ఆదివారాలు కూడా డ్యూటీ ఉండటంతో, నలుగురిలో నోరు విప్పని మేనకోడల్ని పిల్లలకు ఉపన్యాసం నేర్పే క్లాసుకు ఆయనే తీసుకెళ్ళి, వెనక బెంచీ మీద చేతులు కట్టుకుని కూర్చుంటాడు. ఎవరెలా మాట్లాడినా అక్కడ చప్పట్లు కొడతారు. అదే ఆయనకు మింగుడుపడలేదు. "తడబడినా చప్పట్లే, తడబడకపోయినా చప్పట్లే. ఇందులో ఏదో మతలబు ఉందమ్మా," అని టీచరు మొహం మీదే అనేశాడు. "ముందు భయం పోనివ్వండి సార్," అందామె.

ఆ ఆదివారం మేనకోడలి వంతు వచ్చింది. వానపాముల గురించి నాలుగు మాటలు చెప్పి, మిగతాది మరిచిపోయి బిక్కమొహం వేసింది. గదిలో వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఆయన మాత్రం కట్టుకున్న చేతులు విప్పలేదు, చూపూ తిప్పుకోలేదు. వేదిక దిగిపోబోతున్న పిల్ల ఆయన్ని చూసి ఆగింది. గొంతు వణుకుతున్నా మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుని చివరిదాకా చెప్పింది. అప్పుడు ఆయన కొట్టిన చప్పట్లు, అందరూ ఆపేశాక కూడా వినిపించాయి.

బయటికొచ్చాక, "దిగిపోకుండా ఎందుకు ఆగావే?" అని అడిగాడు.

"నువ్వు చప్పట్లు కొట్టలేదుగా మామయ్యా. ఇంకా వింటున్నావనుకున్నా."

ఆయన వేలి కణుపుతో పిల్ల తల మీద మెల్లగా తట్టాడు. "ఈ మాట మీ టీచరు చెప్పమందా?" అని ఓరగా చూశాడు.