బోర్లించిన బుట్ట

థెల్మా చివరిసారి కొండ మీదికి వెళ్లినప్పుడు వంటింటి తీగబుట్ట ఒకటి పట్టుకెళ్లింది. సుద్దనేల వాలులో, భర్త రోలాండ్ ఎప్పుడూ కూర్చునే మట్టిగుబ్బ మీద దాన్ని బోర్లించి, పైన చెకుముకిరాయి పెట్టింది. ఇంటికొచ్చి టీ తాగింది. మర్నాడు లేవలేదు.

బడిబస్సు నడిపి రిటైరైన మనిషి. పిల్లల మీద అరిచి బొంగురుపోయిన గొంతుతోనే కుందేళ్ల మీదా, మొగుడి మీదా అరిచేది. ఆదివారాలు తోటివాళ్లతో కలిసి ఆ వాలులో ముళ్లపొదలు నరికేది, కోసిన గడ్డినంతా గీరి అవతల పారేసేది. ఫ్లాస్కూ బిస్కెట్లూ మోయడం రోలాండ్ పని. ఒకసారి తేనెటీగలా ఉండే ఆర్కిడ్ పువ్వును అతను టోపీతో తోలాడు.

"అది పువ్వయ్యా మహానుభావా! ఎక్కడికెగురుతుంది?" అని ఆమె కొండ దిగేదాకా నవ్వింది. ఉడుక్కుని అతను కొన్ని ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయాడు. ఆమె ఫ్లాస్కు తనే మోసుకెళ్లింది.

కుందేళ్లు కొరక్కుండా ఆర్కిడ్ల మీద బుట్టలు బోర్లించడం అక్కడి అలవాటు. తన చోటులోనే పెట్టిందంటే తనకోసమే పువ్వు వదిలివెళ్లిందని రోలాండ్ తేల్చేసుకున్నాడు. మహా వృక్షశాస్త్రజ్ఞుడిలా వసంతమంతా పక్క గుబ్బ మీద చతికిలబడి కాపలా కాశాడు. పువ్వు రాలేదు. రాకపోతే థెల్మాను మళ్లీ పోగొట్టుకున్నట్టేననిపించి, జూన్‌లో టమాటాలకు పోసే ఎరువునీళ్లు సీసాలో పట్టుకెళ్లాడు.

కొండను చూసుకునే నెటీ దూరం నుంచే కేకేసింది. "ఆగండి బాబూ! ఏంటది?"

"బలానికి."

"బలమా! ఈ నేలకి బలమొస్తే గడ్డి ఏపుగా పెరిగి పువ్వులన్నీ చస్తాయి. మేం నడుములు విరగ్గొట్టుకుని గడ్డి గీరేది అందుకేగా? ఇన్నేళ్లూ ఇక్కడేం చూశారు?"

"బిస్కెట్లు," అన్నాడు రోలాండ్. "మరి దీనికింద పువ్వేది?"

"పువ్వెక్కడిది? అది చీమల గుట్ట. నీలి సీతాకోకచిలుకల గొంగళిపురుగుల్ని ఆ చీమలే సాకుతాయి. మీరు కూర్చోకుండా ఉండాలనే థెల్మా బుట్ట పెట్టింది. ముందు లేవండి, మీ కిందున్నదీ చీమల గుట్టే!"

రోలాండ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "నామీద అరవడానికి ఆవిడకి మొహమాటమా? ఒక్క కేకేస్తే పోయేదిగా."

"నేనూ అదే అన్నాను. అరిస్తే మళ్లీ అలిగి రాడేమో అంది," నెటీ చెప్పింది. "ఆ తేనెటీగ గొడవప్పుడు మీరు రాని ఆదివారాలు కొండంతా బోసిగా ఉండేదట."