లాభం, రెండు, మూడు

ఇత్తడి గుండును పక్కకు లాగి వదలగానే కనక "లాభం" అంది. తర్వాత రెండు, మూడు అంటూ ఇరవై దాకా లెక్కపెట్టి స్టాప్‌వాచ్ ఆపింది. లెక్క కట్టి చూస్తే గురుత్వ త్వరణం పది దాటింది. తొమ్మిది పాయింట్ ఎనిమిది దగ్గర రావాలి.

"ఏటమ్మా, ఇది సంతనుకున్నావా?" అన్నాడు వరహాలరావు. ఆ చిన్న కాలేజీలో ఫిజిక్స్‌కు ఆయన ఒక్కడే లెక్చరర్. కొండ మనిషి కాదు, కింద మైదాన ప్రాంతం వాడు. మిగతా పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మా నాన్నా అలాగే కొలిసీవోడు. కానీ సూడు, వదిలీటప్పటికి గుండింకా ఊగనేదు గదా. అప్పుడు సున్నా. ఒకసారి ఎల్లొస్తే ఒకటి."

కనక తండ్రి గాసి పెదబయలు సంతలో చోళ్లు, అంటే రాగులు, అమ్ముతాడు. మొదటి కుంచాన్ని ఎప్పుడూ ఒకటి అనడు, లాభం అంటాడు. రెండో కుంచం నుంచే అంకెలు. నడక వచ్చిన నాటి నుంచి సంచి మూతి పట్టుకుని కూర్చున్న కనకకు లెక్క మొదలయ్యేది ఆ మాటతోనే.

మొదటి ఏడు పరీక్షలో భయానికి మళ్లీ నోరు జారింది. మిగతావాళ్లు రాని జవాబును రప్పించి రాశారు. ఆమె వచ్చిందే రాసింది. ఆ ప్రాక్టికల్ పోయింది. మూడో ఏడు వచ్చేసరికి అన్నీ పాసయి అదొక్కటే మిగిలింది. అది గట్టెక్కకపోతే డిగ్రీ లేదు.

ఇంట్లో సున్నా అని సాధన చేస్తుంటే గాసి విని చిన్నబుచ్చుకున్నాడు.

"ఏటీ నేదని మొదలెడితే సివరికేటి మిగులుద్ది గుంటా?"

"అది గుండుకయ్యా, గింజలకు కాదు."

"గుండుకైనా పాపమే" అన్నాడు. తర్వాత తనే నవ్వాడు. "సరే, నీ సదువు నీది. పాసవ్వు సాలు."

పరీక్ష దగ్గరపడ్డాక గాసికి జ్వరం వచ్చింది. మొదట చలి, తర్వాత ఆయాసం. ఊరికి రోడ్డు లేదు కనుక దుప్పటిని కర్రకు డోలీలా కట్టి అందులో పడుకోబెట్టారు. పినతండ్రి భీముడు ముందు, ఊరివాళ్లు వెనక. కొండగట్టు మీదికి ఎక్కాక ఫోన్‌కు సిగ్నల్ అందింది. అంబులెన్స్ కింద రోడ్డు మీద ఉందని, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో చూసి చెప్పమని నర్సు అడిగింది.

డోలీ దించారు. కనక తండ్రి రొమ్ము మీద చెయ్యి వేసి ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కింది.

"సున్నా" అంది.

గాసి కళ్లు తెరిచాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"అలాగనకే అమ్మా" అన్నాడు. "లాభం అను."

ఆమె మళ్లీ మొదటి నుంచి నొక్కింది. లాభం అంది. రెండు, మూడు అంది. అతను వింటూ కళ్లు మూసుకున్నాడు.

మళ్లీ డోలీ ఎత్తి నడిచారు; రోడ్డు కనిపిస్తుండగా భీముడు ఆగి, వెనక్కి తిరిగి గాసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. "ఇంక బేగి నడిసీ పనినేదు" అన్నాడు.

పరీక్ష రోజు తల్లి సోని ఆమెను పొద్దున్నే లేపింది. "మీ అయ్య పాసవ్వమన్నాడు. ఎల్లు."

బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వచ్చాడు. కనక గుండును లాగి వదిలింది. లెక్క మొదలుపెట్టలేదు. గుండు వెళ్లి వచ్చింది, మళ్లీ వెళ్లింది.

వరహాలరావు పక్కకు వచ్చాడు. "ఏటమ్మా, నెక్కెట్టవా?"

"మొదటి మాట అన్లేకపోతన్నాను సార్."

గాసి పోయిన సంగతి ఆయనకు తెలుసు. గుండు వైపు చూపించాడు. "నువ్వేటన్నా దానికి ఇనబడదమ్మా. వదిలీటప్పుడు నీకు నచ్చింది అను. తిరిగొచ్చినప్పుడు మాత్రం ఒకటను."

ఆమె గుండును ఆపి, మళ్లీ లాగింది. వదులుతూ మెల్లగా లాభం అంది. అది తిరిగి వచ్చాక ఒకటి అంది.

జవాబు తొమ్మిది పాయింట్ ఏడు. పరీక్షకుడు తల ఊపి వెళ్లిపోయాడు. కనక స్టూలు మీద కూర్చుండిపోయింది. ఇంత చిన్న సర్దుబాటు మూడేళ్లలో తట్టలేదు. తట్టి ఉంటే గట్టు మీద అయ్యకు ఆ సున్నా వినబడి ఉండేది కాదు.

ఫలితాలు వచ్చిన వారం ఆమె తల్లితో సంతకు వెళ్లింది. తండ్రి కూర్చునే చోటే గోనె పరిచారు. సోని మొదటి కుంచం ముంచి, సంచిలో పోయకుండా ఆగింది. ఎప్పుడూ ఆ మాట అనేది గాసి.

"లాభం" అంది కనక.

రెండో కుంచం పడింది. "ఒకటి" అంది.

సోని చెయ్యి ఆగింది. ఒక కుంచం ఊరికే కలిసొస్తుందని కొనడానికి వచ్చిన షావుకారు నవ్వాడు. "అననియ్యమ్మా! గుంట డిగ్రీ సదివినాది, దాని నెక్కే రైటు."

సోని నవ్వలేదు. కూతురి వైపు చూడలేదు. "రెండు" అంది, గింజల వైపే చూస్తూ.

"రెండు" అంది కనక.

సోని మూడో కుంచం ముంచింది.