డెబ్బై డిగ్రీల వేలు

ఎనభైల్లో నేను ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్ని. ఒక మధ్యాహ్నం వ్యాగన్ కింద నా కుడిచేయి నలిగిపోయింది. ఎముకలు అతుక్కున్నాయి గాని వేళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి. నాలుగు నెలల తర్వాత మెడికల్ బోర్డు చూస్తుందన్నారు. ఫిట్ అని రాస్తే నా పని నాకు వస్తుంది. లేకపోతే ఏదో చిన్న పోస్టు. నాకు తెలిసిన పని అదొక్కటే.

అక్కడ మగవాళ్లనందరినీ దాదా అనే పిలుస్తారు. ఫిజియోథెరపీ చేసే దాదా కరిగించిన మైనంలో నా చేయి ముంచి, వేళ్లను ఒక్కొక్కటిగా వంచేవాడు. ప్రాణం పోయినంత పనయ్యేది. ఆ తర్వాత ఎంత వంగిందో కొలిచేవాడు. నాకు చదువు తక్కువ, లెక్కంటే మాత్రం పిచ్చి. పిల్లలు వాడే కోణమానిని ఒకటి కొని, తాల్‌బగీచాలోని మా ఇంట్లో రోజూ కొలిచి రాసుకున్నాను. చూపుడు వేలు పదిహేను డిగ్రీల నుంచి మూడో నెలకి డెబ్బైకి వచ్చింది.

"డెబ్బయ్యో ఎనబయ్యో నీకే తెలాల. సొక్కా బొత్తాలు ఇంకా నానే ఎట్టాలి గదేటి?" అంది మా ఆవిడ.

ఆ మాట దాదాకి చెప్పాను. "కీళ్లు, కండలు నా పని. ఆ చేత్తో మీరు రోజంతా ఏం చేయగలరో చూసేవాళ్లు వేరే ఉన్నారు" అని కలకత్తాలో ఆక్యుపేషనల్ థెరపీకి చీటీ రాశాడు. అలాంటి ఉద్యోగం ఒకటి ఉందని అప్పుడే తెలిసింది.

అక్కడి థెరపిస్టు దీదీ నా లెక్కల పుస్తకం మర్యాదకి తిరగేసి పక్కన పెట్టింది. పొద్దున లేచింది మొదలు ఏమేం చేస్తానో అడిగింది. గ్లాసు, అన్నం ముద్ద, బొత్తాలు, అన్నీ చేయించింది. రెండు వారాల్లో బొత్తాలు పెట్టుకున్నాను. అప్పుడు నా పని గురించి అడిగింది. వ్యాగన్ కింద పడుకుని, చక్రాల మధ్య అడ్డంగా ఉండే బ్రేకు బీము వెనక్కి చేయి పోనిచ్చి నట్టు ఎక్కించాలి, అక్కడికి చూపు ఆనదు అన్నాను.

ఆమె నా చేతుల మీద తువ్వాలు కప్పి, బోల్టూ నట్టూ ఇచ్చింది. పది నిమిషాలు. ఒక్కసారీ ఎక్కలేదు. రెండుసార్లు నట్టు కింద పడినా నాకు తెలియలేదు. వేలి కొసల్లో స్పర్శ లేదు.

"బొత్తాలు నేర్పినట్టే ఇదీ నేర్పండి దీదీ, కాళ్లు పట్టుకుంటాను."

"బొత్తాలు కళ్లతో చూసి పెడుతున్నారు, దాదా. స్పర్శ రావచ్చు. బోర్డు చూసే రోజు లోపల మాత్రం రాదు."

ఇంకా పదకొండు రోజులుంది. మంచం కింద దూరి, కళ్లు మూసుకుని, రోజుకి వందసార్లు నట్టు ఎక్కించే ప్రయత్నం చేశాను. ఎక్కాయని నేను నమ్మినవి చాలా ఉండేవి. కళ్లు తెరిచి చూస్తే, అన్నిటికన్నా మంచి రోజున సరిగ్గా ఎక్కినవి నాలుగు. మిగతావి అడ్డంగా ఇరుక్కుని ఉండేవి.

బోర్డు డాక్టరు నా వేళ్లు వంచి కొలిచాడు. "డెబ్బై అయిదు. బాగుందే" అని పెన్ను తీశాడు. వేలి కొసల్లో స్పర్శ లేదని దీదీ రాసిచ్చిన కాగితం నా జేబులో ఉంది. ఆయన అడగలేదు. నేను ఇవ్వకపోతే ఎవరికీ తెలియదు. వందలో తొంభై ఆరు తప్పుగా ఎక్కేవే. ఆ నట్లతోనే వ్యాగన్లు పట్టాల మీదికి బయల్దేరతాయి. కాగితం తీసి బల్లమీద పెట్టాను.

బయట మా ఆవిడ కాచుకుని ఉంది.

"ఏటన్నారు?"

"స్టోర్సులో వేస్తారట."

"అయ్యో! కొలత సాల్లేదేటి?"

"సరిపోయింది" అన్నాను. ఆమె నా చేతివైపు, నావైపు చూసింది. ఇద్దరం ఇంటిదారి పట్టాం.