రెండో పిలుపు

శ్రీకాకుళంలో స్టీలు సామాన్ల కొట్టు రంగనాథాన్ని ఎవరైనా పిలిస్తే, పేరు పూర్తికాకముందే "ఆఁ, వస్తన్నా" అనేస్తాడు. పక్క కొట్టువాళ్లు సరదాకి పిలిచి తలుపు చాటుకి తప్పుకుంటారు, అయినా పలుకుతాడు. టీవీలో ఎవరో ఎవరినో పిలిచినా పలుకుతాడని భార్య కన్యాకుమారి అందరితో చెప్పి నవ్వుతుంది. నవ్వనివ్వండి. ఎందుకలా పలుకుతాడో ఆమెకీ తెలియదు.

ఇప్పుడంటే బిందెలూ పళ్లేలూ గానీ, ఒకప్పుడు ఆయన ఈ రెండు జిల్లాల్లో పేరుమోసిన రాక్ గాయకుడు. నమ్మబుద్ధి కాదు గదా. భుజాల దాకా జుట్టు, బిగుతు ప్యాంటు, మెడలో ఎలక్ట్రిక్ గిటారు. షావుకారు ఇంట పుట్టినవాడికి ఇదేం రోగమని తండ్రి నెత్తి కొట్టుకున్నాడు. డ్రమ్ము వాయించే ఉపేంద్రతో కలిసి పెట్టిన ఆ బ్యాండు విజయనగరం నుంచి ఇచ్ఛాపురం దాకా తిరగని జాతర లేదు. పాటల నడకేమో ఊరూరా జముకుల కథ పాడి చెప్పేవాళ్ల దగ్గర పట్టిందే. రంగనాథం ఒక వరస పాడి ఆగేవాడు, ఆ ఖాళీలో వెనకనుంచి ఉపేంద్ర వంత అందుకునేవాడు.

ఉపేంద్ర పోయిన రోజునే రంగనాథం పాట మానేశాడు. గొంతు పాడైందని అందరికీ చెప్పాడు. ముప్ఫై రెండేళ్ల తర్వాత, అరవై మూడేళ్ల మనిషిని పట్టుకుని మళ్లీ పాడించింది ఉపేంద్ర కూతురు సింధు. ఎచ్చెర్లలో ఒక గది అద్దెకు తీసుకుని, గోడలకి దళసరి దుప్పట్లు బిగించి, రికార్డింగు స్టూడియో పెట్టుకుంది. తండ్రి పోయేనాటికి ఆమెకి ఎనిమిది నెలలు. ఆయన గొంతున్న క్యాసెట్లన్నీ బూజు పట్టి పోయాయి. ఆ పాటలు రంగనాథం నోట్లోనే మిగిలాయనీ, ఎనిమిదింటితో ఒక ఆల్బం చేద్దామనీ అడిగింది. కాదనడానికి ఆయనకి నోరు రాలేదు. ఆ పిల్ల మొహంలోకి సూటిగా చూడ్డానికి ధైర్యమూ లేదు.

ఏడు పాటలు బాగానే వచ్చాయి. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ పదును తగ్గలేదు. ఎనిమిదోది వంత పాట. హెడ్‌ఫోన్లు పెట్టుకుని మొదటి వరస పాడి, అలవాటు కొద్దీ ఆగాడు.

"రంగా."

అది ఉపేంద్ర గొంతు. అద్దం అవతల సింధు తలవంచుకుని మీటలు సరిచేసుకుంటోంది. బయట ఎండ ఫెళ్లున కాస్తోంది, రోడ్డు మీద ఆటోలు పోతున్నాయి. అంత వెలుగులో ఆ గొంతు వినబడడమే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది, ఎందుకంటే ఆ రోజూ ఇలాంటి ఎండే.

ఆ రోజు శ్రీముఖలింగంలో ప్రోగ్రాం. బస్సు దిగి, మిట్టమధ్యాహ్నం వంశధారకి అడ్డంపడి, మోకాలి లోతు నీళ్లలో ఇద్దరూ నడిచారు. గిటారుతో రంగనాథం ముందు ఒడ్డెక్కి, ఏటికి వీపు పెట్టి కూర్చున్నాడు. డ్రమ్ము మోస్తూ ఉపేంద్ర వెనకబడ్డాడు. "రంగా" అని పిలుపు వచ్చింది. రంగనాథం పలకలేదు. నాయనమ్మ గురమ్మ చిన్నప్పుడే నూరిపోసింది. మిట్టమధ్యాహ్నం ఏటి గట్టున ఎవరు పిలిచినా మొదటి పిలుపుకీ రెండో పిలుపుకీ పలకకూడదు, తిరిగి చూడకూడదు. మనిషైతే మూడోసారి పిలుస్తాడు, దెయ్యం పిలవలేదు. రెండోసారీ "రంగా" అని వినబడింది. వీడు నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని, నవ్వుకుంటూ మూడో పిలుపు కోసం కూర్చున్నాడు. అది రాలేదు. తిరిగి చూస్తే, ఇసుక తవ్విన గుంట మీద డ్రమ్ము ఒక్కటే తేలుతోంది.

ఇప్పుడు హెడ్‌ఫోన్లలో తాళం ఆగలేదు గనక నోరు దానంతటదే రెండో వరస పాడింది. మళ్లీ ఖాళీ.

"రంగా."

ఈసారి దగ్గరగా, నీళ్లు మింగుతున్నవాడి గొంతుతో. మూడోది రాదని ఈ లోకంలో ఆయన కంటే బాగా తెలిసినవాడు లేడు.

"ఉన్నానురా," అన్నాడు రంగనాథం. "ఇక్కడే ఉన్నాను, వస్తన్నా."

సింధు తాళం ఆపేసింది. లోపలికి వచ్చి, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగింది. ఆయన హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుని, కన్యాకుమారికి కూడా చెప్పని సంగతంతా ఆ పిల్లకి చెప్పేశాడు.

"మీ నాయిన రెండుసార్లు పిలిసినాడమ్మా. మూడోసారి కూడా పిలుస్తాడని సూసి, నాను పలకనేదు."

తిడుతుందనీ, గెంటేస్తుందనీ ఎదురుచూశాడు. అదే న్యాయమనిపించింది కూడా. ఆమె మాత్రం వెళ్లి రికార్డయింది మళ్లీ పెట్టింది. పిలుపు ఎక్కడా లేదు. రెండు వరసలు, రెండు ఖాళీలు, చివర్న ఆయన జవాబు.

"నువ్వొచ్చి ఈడ కూకో మావా," అంది. "నానేటి నొక్కమంటే అది నొక్కు."

ఆమె లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుని, చెయ్యి ఊపింది. రంగనాథం ఆమె చూపించి వెళ్లిన మీట నొక్కాడు. గదిలో ఆయన గొంతే మొదటి వరస పాడి ఆగింది. ఆ ఖాళీలో ఆయనకి ఏమీ వినబడలేదు.

అద్దం అవతల సింధు తల ఒక్కసారిగా పక్కకి తిరిగింది. ఎవరో పిలిస్తే తిరిగినట్టే తిరిగింది. రెండో పిలుపు దాకా ఆగలేదు. కళ్లు తెరవకుండానే "నాన్నా" అని పలికింది.