పెద్దనాయన విమానం మూత

గోవా దగ్గర నేవీ విమాన స్థావరంలో దిగేసరికి సాయంత్రం నాలుగు. జోరువాన. కిట్‌బ్యాగులో రెండు జతల యూనిఫారం, పెద్దమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలు. నేను నేవీవాణ్ణి కాదు, కాపలా సిపాయిని. ఆ పోస్టింగు అడిగి మరీ వేయించుకున్నాను.

మా పెద్దనాయన మన నేవీలో ఓడ మీదినుంచి విమానం లేపిన తొలి పైలట్లలో ఒకడు. ఒకసారి లేస్తూనే సముద్రంలో పడ్డాడు. శవం దొరకలేదు. అప్పటికే మా ఊరు హచ్చొళ్ళిలో అందరికీ దోణిమలై ఇనుపరాతి మైన్సు, టిప్పర్లే లోకం. మా తమ్ముళ్ళ ముందు ఆయన మాటెత్తితే చెవిటివాడి ముందు శంఖమే. పెద్దమ్మకు మాత్రం ఒకటే దిగులు.

"ఆ అద్దం పెట్టెలో ఇరుక్కొని, ఊపిరాడక సచ్చినాడేమో అబ్బీ. అది కనుక్కోనిరా, సాలు."

ఆరు గంటల షిఫ్టు. రన్‌వే చివర ఇనుప టవరు. కొంగలు వాలితే తోలాలి. గంటకోసారి వాకీటాకీలో రేడియో ఆపరేటరు.

"పోస్ట్ త్రీ, ఠీక్ హై?"

"ఠీక్ హై."

రోజుకు నా మాటలు అంతే. ఒంటరితనం భరించలేక కొంగలకే కష్టసుఖాలు చెప్పుకున్నాను. నవ్వుకుంటే నవ్వుకోండి.

కుర్ర ఆఫీసర్లు పెద్దనాయన పేరే వినలేదన్నారు. గేటు బయట టీకొట్టు ముసలాయన విన్నాడు. ఆయనది గుంతకల్లు. ఒకప్పుడు అదే ఓడ మీద విమానాలను తోసి వరసలో నిలబెట్టేవాడు.

"ఆ అద్దం మూత యాడ మూస్తారప్పా? ఓడ మీదనుంచి లేసేటప్పుడు తెరిసే పెడతారు. నీళ్ళల్లో పడితే బయటికి రావాల గదా. మీ పెద్దనాయన వచ్చినాడు. నా కండ్లతో సూసినా. సెయ్యి ఎత్తినాడు. పడవ పొయ్యేలోపల అల కప్పేసె."

ఆ రోజు టవరెక్కి ఏడ్చాను. సంతోషమూ వేసింది. పెద్దమ్మకు చెప్పడానికి ఒక మంచి మాట దొరికింది.

సెలవు రాగానే సిరుగుప్పలో బస్సు మారి ఊరు చేరాను. తమ్ముళ్ళు మైన్సు దగ్గరే ఉన్నారు. పెద్దమ్మ ఒక్కతే కూర్చొని బియ్యం చెరుగుతోంది.

"ఇరుక్కోలేదు పెద్దమ్మా. మూత తెరిసే ఉండెనంట. బయటికొచ్చి సెయ్యి గూడా ఎత్తినాడంట."

ఆమె చేట కింద పెట్టింది.

"ఎంతసేపు ఎత్తినాడబ్బీ?"

అది నేను అడగలేదు.

పెద్దమ్మ కుడిచెయ్యి పైకెత్తింది. కాసేపటికి అది వణికింది. ఎడమచేత్తో మోచేతిని పట్టి నిలబెట్టుకుంది. దించమని బతిమాలాను. వినలేదు. ఇప్పుడు ఉద్యోగం మానేసి ఏళ్ళయింది, పెద్దమ్మ కూడా పోయింది. నా కళ్ళముందు ఆ చెయ్యి ఇంకా దిగలేదు.