ఖాళీ బ్రాకెట్ల లెక్క

టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ మూతపడి పదిహేనేళ్లయినా ఆయన్ని అందరూ టైపు మాస్టారనే పిలుస్తారు. మిషన్ల రోజులు పోయి కంప్యూటర్లు వచ్చాక, దొరికిన పుస్తకమల్లా ముందేసుకుని ప్రోగ్రాములు రాయడం తనంతట తానే నేర్చుకున్నారు. అలా రాసి, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేసిన లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాములు తమలో కలుపుకుని వాడుకునే ప్రోగ్రాము ముక్క, ఒకటుంది. దాని పని చిన్నదే. ఏ ప్రోగ్రామైనా ఒక ఫైలు చేతికిస్తే, బ్రాకెట్లను బట్టి దేనిలో ఏముందో విడదీసి చెబుతుంది. దాన్ని ఎక్కడెక్కడ వాడుతున్నారో ఆయనకే తెలీదు. ఒక్కచోటు మాత్రం బాగా తెలుసు. అది ఆయన భార్య పనిచేసే ఆసుపత్రిలో రోగుల పేర్లు ఎక్కించే కౌంటరు.

రెండు నెలల కిందట, ముక్కూ మొహం తెలియని ఒక పరిశోధకురాలు ఆయనకు మెయిలు రాసింది. మూసే బ్రాకెట్ ఒక్కటీ లేకుండా, తెరిచేవే లక్ష వరసగా పెట్టి పంపితే, లైబ్రరీ ఒకదానిలోంచి ఇంకోదానిలోకి దిగుతూ దిగుతూ పోయి కుప్పకూలుతోందట. దాంతోపాటు దాన్ని వాడే ప్రోగ్రామూ పడిపోతుంది. గిట్టనివాడెవడైనా ఒక్క ఫైలుతో కౌంటరు మూయించగలడన్నమాట. మీరు సరిచేసేదాకా ఎవరికీ చెప్పనని కూడా రాసింది.

మాస్టారు తీరిక దొరికినప్పుడల్లా కూర్చుని మరమ్మతు రాశారు. బ్రాకెట్ తెరిస్తే లెక్కకు ఒకటి కలపాలి, మూస్తే ఒకటి తీసేయాలి, లెక్క రెండువందలు దాటితే చదవననాలి. ఆవిడ పంపిన ఫైలు పెట్టి చూశారు. అలాంటివే ఇంకో పది దొంగ ఫైళ్లు తయారుచేసి చూశారు. అన్నిటినీ గుమ్మంలోనే ఆపింది. సోమవారం పొద్దున్నే కొత్త వెర్షన్ విడుదల చేసి, కన్నం ఎక్కడుందో కూడా ప్రకటించేశారు. మరమ్మతు ఇచ్చాక లోపం బయటపెట్టడం ఈ పనిలో పద్ధతి. ఆసుపత్రి కంప్యూటరు వాళ్లు తలుపులు తీయకముందే కొత్తది పెట్టేసుకున్నారు.

పదకొండు దాటాక భార్య ఫోను చేసింది.

"ఏవండీ, మీరేమైనా కెలికారా?"

"ఏమైంది?"

"పొద్దుట్నుంచీ బాగానే ఉంది. రెండొందల మంది దగ్గరకొచ్చేసరికి మొండికేసింది. ఇంకొక్క పేరు ఎక్కిస్తే చాలు, జాబితా మొత్తం చదవనంటోంది."

వెనకనుంచి ఎవరో ముసలాయన అరుస్తున్నాడు. "అమ్మా, నిలబడి నిలబడి కాళ్లు పీకుతున్నాయి!"

"కూర్చోండి తాతా, పిలుస్తాగా!" అని ఆయనకు చెప్పి, మళ్లీ ఫోన్లోకి వచ్చింది. "మా వాళ్లు పాతదే పెట్టేస్తామంటున్నారు. పెట్టమననా?"

మాస్టారు కన్నం ఎక్కడుందో పొద్దున్నే తానే చాటారు. పాతది పెడితే తలుపు బార్లా తీసి పిలిచినట్టే. పెట్టకపోతే ఆ మనుషులు కదలరు.

"వద్దు. ఒక్క గంట ఇవ్వు."

"గంటంటే గడియారం గంటా, మీ గంటా?"

"అది తర్వాత దెప్పుదువుగాని. ఒక్కో మనిషికీ ఏమేం రాస్తారు?"

"పేరు, వయసు, పడని మందులు. పడనివి లేకపోతే ఖాళీగా వదిలేస్తాం. అన్నట్టు, ఒక వింతండీ. ముందెక్కించిన ఒకావిడకి ఆ ఖాళీలో 'లేవు' అని కొట్టానా, ఇంకొకళ్లని రానిచ్చింది. ఇంకొకరికి కొడితే ఇంకొకళ్లని. ఇప్పటికి ఏడుగురు."

"అలాగే కొడుతూ ఉండు. దొరికింది!"

కౌంటరు జాబితాలో ఒక్కో మనిషికీ పడని మందులు ఒక బ్రాకెట్లో పడతాయి, ఏమీ రాయకపోతే అది ఖాళీ బ్రాకెట్. అలాంటి ఖాళీ బ్రాకెట్లకు ఆయన ఎప్పుడో ఒక అడ్డదారి రాసుకున్నారు. తెరిచిన వెంటనే మూత కనిపిస్తే, లోపల చూసేదేమీ లేదు కాబట్టి అక్కణ్ణుంచే వెనక్కి తిరగడం. ప్రోగ్రాములో లెక్కకు ఒకటి కలిపే వరస ఆ దారికి ముందుంది. తీసేసే వరసేమో ఆ దారి తగలని చోట, చివర ఉంది. అందుకని, పడని మందులేవీ లేని ప్రతి మనిషీ లెక్కలో ఒకటి మిగిల్చి పోతున్నాడు. దొంగ ఫైళ్లతో కుస్తీ పట్టడంలో పడి, బుద్ధిగా తెరిచి మూసే పెద్ద ఫైలు ఒక్కటీ ఆయన పెట్టి చూడలేదు.

దిద్దడానికి ఒక్క వరస చాలింది. వెంటనే వదిలేయాలని చేతులు లాగాయి. అయినా తమాయించుకుని, పడని మందులేవీ లేని మూడువేల మందిని కల్పించి ఒక ఫైలు చేశారు. గడగడా చదివేసింది. మళ్లీ లక్ష బ్రాకెట్ల ఫైలు పెట్టారు. చదవనంది. అప్పుడు విడుదల చేసి, ఆసుపత్రి వాళ్లకు కబురు పెట్టారు. మొత్తం నలభై నిమిషాలు పట్టింది.

కాసేపాగి భార్యకు ఫోను చేశారు. ఎత్తలేదు. మళ్లీ చేశారు.

"రెండొందల యాభై దాటాం. ఏమీ కొట్టకుండానే ఎక్కుతున్నాయి. ఫోను పెట్టేయండి, మనుషులున్నారు!"

మాస్టారు ఫోను పక్కన పెట్టి, పొద్దుటి వెర్షన్ ఎవరూ వాడొద్దని ప్రకటన మొదలుపెట్టారు. ముందు "కొన్ని సందర్భాల్లో ఇబ్బంది కలగవచ్చు" అని రాశారు. ఒకసారి చదువుకుని, అది చెరిపేసి, "లెక్క నేను తప్పాను" అని రాశారు.