ఆయన అక్షరాల కింద

జహీరాబాద్ బస్టాండులో నా పక్కన కూర్చున్న ఆమె ఒక పాత నోట్‌బుక్ తెరిచి చూపించింది. జొన్నరొట్టెల దుకాణం పెట్టాలని ఆమె భర్త ఏడాదిపాటు తిరిగి, ముందుగా పరిచయాలు చేసుకున్నాడట. ఝరాసంగంలో జొన్నలు పండించే రైతు, పిండి గిర్నీ ఆయన, హాస్టల్ వార్డెన్, అందరి నంబర్లూ అతని చేతిరాతలో ఉన్నాయి.

"దుకాణం ఎప్పుడు తెరుస్తున్నారు?" అని అడిగాను.

"ఓపెనింగ్‌కు అందరం వస్తం అన్నరక్కా. ఆయన దినాలకు వచ్చిన్రు. ఒక్కరు గూడ తప్పలే."

అంతలో నా బస్సు వచ్చింది. లేస్తుంటే ఆమె పెన్ను నా చేతిలో పెట్టి, "నీ నంబర్ గూడ రాయక్కా. రొట్టెలు మొదలువెడితె ఫోన్ చేస్త," అంది. ఆయన అక్షరాల కింద రాశాను.

అప్పటినుంచి తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే వదలను. ఇంతవరకు అందరూ ప్లాట్లు అమ్మేవాళ్లే.